కుక్కపిల్ల, కార్పెట్, అత్తయ్యగారి ఆసనం

చికాగో శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి, కుదించి ఇస్తున్నాను.

భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప. రెండో అంతస్తులో అద్దె అపార్ట్‌మెంట్, లిఫ్ట్ లేదు. వంటగది, బాత్రూములు తప్ప ఇల్లంతా కార్పెట్. పాప రెండేళ్ళుగా పోరుపెడితే డిసెంబరు రెండో వారంలో మాల్టీస్ అనే చిన్న జాతి ఆడ కుక్కపిల్లను తెచ్చారు. అప్పటికి దానికి తొమ్మిది వారాలు, ఇప్పుడు పద్నాలుగు. బరువు మూడు పౌండ్లు. పేరు లడ్డు. అక్టోబరులో తెనాలి నుంచి వచ్చిన అత్తగారు మార్చి చివరిదాకా ఉంటారు.

సమస్య పాటీ ట్రైనింగ్, అంటే సరైన చోట పొయ్యడం నేర్పడం. "బయట పది డిగ్రీల ఫారన్‌హీట్. జాకెట్, బూట్లు వేసుకుని దాన్ని కిందికి తీసుకెళ్తాను. మంచులో ఒక కాలు ఎత్తి, వణుకుతూ నా మొహం వంక చూస్తూ నిలబడుతుంది. పావుగంట నిలబడినా చుక్క పొయ్యదు. పైకి తెచ్చి దించిన రెండు నిమిషాల్లో సోఫా వెనక్కి వెళ్ళి పోసేస్తుంది. కావాలనే చేస్తోందనిపిస్తోంది" అని రాశారామె. భర్త మూడు చోట్ల మూత్రం పీల్చుకునే ప్యాడ్లు పరిచారు. లడ్డు వాటిని చింపి ఆడుకుంటోంది. నీళ్ళ గిన్నె తీసేస్తే సరి అంటారాయన. అత్తగారేమో, ముక్కు పోసినచోట రాసి రెండు తగిలిస్తే అదే నేర్చుకుంటుందంటారు. సంక్రాంతి రోజు పొద్దున లడ్డు ఆవిడ పూజ ఆసనం మీదే పోసింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కార్పెట్ పాడైతే డిపాజిట్ పోతుందన్న టెన్షన్ ఒకటి. "తెచ్చినచోటే ఇచ్చేద్దాం" అని భర్త అన్నప్పటి నుంచి పాప సరిగా అన్నం తినడం లేదు. ఇంత చలిలో బయటికి తీసుకెళ్ళడం తప్పా, కుక్క మొండిదా, తిరిగి ఇచ్చెయ్యాలా అని మూడు ప్రశ్నలడిగారు. చివర్లో, బూట్లు కొనాలా అని నాలుగోది.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుక్క కోసం, రెండోసారి మనుషుల కోసం. రెండోసారి చదివినప్పుడే అసలు సంగతి తెలిసింది.

లడ్డు మొండిది కాదు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంటోంది. కాకపోతే మీ ఇంట్లో దానికి ముగ్గురు గురువులు, మూడు పాఠాలు. ప్యాడ్ మీద పొయ్యమని ఒకరు, మంచులో పొయ్యమని మీరు, మనుషుల కంట పడేలా పొయ్యొద్దని అత్తయ్యగారు. ఈ మూడింటినీ కలిపి అది ఒక పద్ధతి కనిపెట్టింది: మెత్తగా, వెచ్చగా, ఎవరికీ కనపడకుండా ఉన్న చోటు, అంటే సోఫా వెనక.

ఆ పావుగంటను లడ్డు వైపు నుంచి చూడండి. మాల్టీస్‌కి పైన కనిపించే పట్టులాంటి జుట్టే తప్ప, కింద చలినాపే రెండో పొర ఉండదు. మూడు పౌండ్ల ఒంటికి వేడి నిలవదు. పొట్ట నేలకు జానెడు ఎత్తులో కూడా లేదు కాబట్టి మీ బూటు మునిగే మంచు దానికి పొట్ట దాకా వస్తుంది. అంత చలిలో ఒళ్ళంతా బిగుసుకుని పని కాదు. కాసేపు వణికితే మీరు జాలిపడి ఎత్తుకుని పైకి తీసుకెళ్తారు. రోజుకు ఆరుసార్లు ఇదే జరిగితే ఏం నేర్చుకుంటుంది? కింద వణికితే ఇల్లు చేరతాం అని. ఇంట్లోకి వచ్చి ఒళ్ళు వెచ్చబడగానే ఆపుకున్నదంతా వదిలేస్తుంది. ఇందులో పగ లేదు, పంతం లేదు.

ముక్కు రాయడం సంగతి. ఉత్తరంలో ఒకచోట, "ఒకటి రెండుసార్లు నేనూ గట్టిగా అరిచాను" అని రాసి కొట్టేశారు, కానీ కనిపిస్తోంది. పరవాలేదు, మీరొక్కరే కాదు. అయితే దాని ఫలితం చూడండి. పోసిన చోటుకీ, తిట్టుకీ కుక్కపిల్ల లంకె పెట్టుకోదు. మనిషి ముందు పోస్తే ప్రమాదం అని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. అందుకే సోఫా వెనక్కి వెళ్తోంది. అందుకే కింద మీరు లీష్ పట్టుకుని ఎదురుగా నిలబడితే పొయ్యలేక మీ మొహం చూస్తోంది. తల దించి, చెవులు వెనక్కి పెట్టి "తప్పు చేసినట్టు" చూడడం కూడా పశ్చాత్తాపం కాదు, మీ గొంతు చూసి భయం. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా తిట్లు మాత్రం ఈ రోజుతో ఆపాలి. పోస్తుండగా కళ్ళబడితే చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తుకుని సరైన చోటుకి తీసుకెళ్ళండి. పోసేశాక చూస్తే నోరు మూసుకుని తుడవడమే.

ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. పగలు ఇరవై నిమిషాలకోసారి కొంచెం కొంచెం పోస్తోందని ఒక వాక్యం రాసి వదిలేశారు. పోసేటప్పుడు ముక్కుతోందా, చుక్కలుగా పడుతోందా, ఆ చోటును అదేపనిగా నాక్కుంటోందా? ఆడ కుక్కపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ మామూలే. అదే ఉంటే ఎంత శిక్షణ ఇచ్చినా దండగ. ఈ వారమే మూత్రం నమూనా పట్టుకుని వెట్ (పశువైద్యుడి) దగ్గరికి వెళ్ళండి. ఒక చిన్న పరీక్షతో తేలిపోతుంది.

నీళ్ళ గిన్నె తియ్యకండి. హీటరు తిరిగే ఇంట్లో గాలి ఎండిపోయి ఉంటుంది, పిల్లకి దాహం ఎక్కువ. పడుకునే ముందు గంట, గంటన్నర ఎత్తిపెట్టవచ్చు, అంతే. తిండి కూడా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాల్సిందే. ఇంత చిన్న జాతుల పిల్లలు ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోవచ్చు. బయట వణికితే అది చలి. ఇంట్లో వెచ్చగా ఉన్నా వణుకుతూ, మత్తుగా, నడక తడబడుతుంటే మాత్రం చిగుళ్ళకు కాస్త తేనె రాసి వెంటనే వెట్‌కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు దారులు. మూడున్నాయి. మూడింట్లోనూ జనం సఫలమయ్యారు, మూడింట్లోనూ విఫలమయ్యారు. సగంలో దారి మార్చినవాళ్ళే ఎక్కువ విఫలమయ్యారు.

మొదటి దారి, చలి తగ్గేదాకా ఇంట్లోనే. ఇది తప్పేమీ కాదు. ఇంత చిన్న కుక్కలకు జీవితాంతం ఇంట్లోనే టాయిలెట్ పెట్టినవాళ్ళున్నారు. కానీ మూడు చోట్ల కాదు, ఒక్క చోటే. అది కార్పెట్ మీద కాదు, బాత్రూము టైల్స్ మీద. ప్యాడ్‌ను ట్రేలో పెట్టి పైన జాలీ బిగించేవి దొరుకుతాయి, చింపడానికి అందదు. నష్టమేమిటంటే ప్యాడ్ కూడా కాలికి మెత్తని గుడ్డలాగే తగులుతుంది. బాత్రూము మ్యాట్, పాప బెడ్‌రూములో రగ్గు, కార్పెట్, అన్నీ దానికి ప్యాడ్లే అయిపోవచ్చు. ఏప్రిల్‌లో గడ్డి చూపించి "ఇక్కడ" అంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు.

రెండో దారి, పూర్తిగా బయటే. కుదిరితే శుభ్రమైన దారి ఇదే, కానీ ఇంట్లో ఒక మనిషి పగలంతా దీనికే కట్టుబడాలి. మీ కాంప్లెక్సులో గోడ వారగా, గాలి తగలని చోట, ఉప్పు చల్లని చోట, తలుపంత మేర మంచు గీకి గడ్డి కనపడేలా చెయ్యండి. తుడిచిన టిష్యూ ఒకటి అక్కడ పడేస్తే వాసనే దానికి దారి చెబుతుంది. స్వెటర్ వేసి, మీ జాకెట్ లోపల పెట్టుకుని తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే దించండి. మెట్లు నడిపించకండి, కింద చేరేసరికే చల్లబడిపోతుంది. స్వెటర్ పొట్ట కింద కురచగా ఉండాలి, లేకపోతే తడిసి అదొక చలి. మూడు నాలుగు నిమిషాలు చాలు, పావుగంట వద్దు. పని అయిన క్షణంలోనే, అక్కడే, జేబులోంచి చిన్న తిండి ముక్క తీసి పెట్టి, ముద్దుచేసి, పైకి పరుగెత్తండి. పైకొచ్చాక పెడితే అది మెట్లెక్కినందుకు బహుమతి అనుకుంటుంది.

పని కాకపోతే? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పైకి తెచ్చి కార్పెట్ మీద వదలకండి. ఒళ్ళో పెట్టుకోండి, లేదా క్రేట్‌లో (కుక్క పడుకునే పెట్టెలో) పెట్టండి. పది పదిహేను నిమిషాలాగి మళ్ళీ కిందికి. పోసిన తర్వాతే ఇంట్లో తిరిగే స్వేచ్ఛ, అదీ అరగంటో ముప్పావుగంటో. ఇప్పుడు మీరు చేస్తున్నది దీనికి తలకిందులు. పొయ్యకుండా వచ్చినప్పుడే దాన్ని వదిలేస్తున్నారు.

ఈ దారిలో ఇంకో జాగ్రత్త. టీకాల కోర్సు పదహారు వారాల దగ్గర పూర్తవుతుంది, లడ్డుకి ఇంకా కాలేదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మంచుకి చావదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. కాంప్లెక్సులో కుక్కలన్నీ వెళ్ళే గడ్డి మీదకి మాత్రం తీసుకెళ్ళకండి. పార్కింగులో కార్ల కింద కారిన పచ్చటి నీళ్ళను కూడా నాకనివ్వకండి. అది కారు ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ కావచ్చు, తియ్యగా ఉంటుంది, కొద్దిగా నాకినా కిడ్నీలు పోతాయి.

మూడో దారి, రెండూ కలిపి. పెంపుడు కుక్కల కోసమే అసలు గడ్డి పలకలు అమ్ముతారు, ట్రేలో పరుచుకోవచ్చు. దాన్ని బాల్కనీ తలుపుకి లోపలి వైపు, కింద ప్లాస్టిక్ షీట్ వేసి పెడితే చలి రోజుల్లో అదే టాయిలెట్. ఎండ వచ్చి కాస్త తేలికపడిన రోజుల్లో కింద గడ్డి. కాలికి తగిలేది రెండుచోట్లా గడ్డే కాబట్టి మార్చిలో మళ్ళీ మొదటికి రాదు. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారన్‌హీట్ నమోదైన ఊరు మీది. అలాంటి రోజున మనుషులే గడప దాటరు, మూడు పౌండ్ల ప్రాణిని దాటించడం శిక్షణ అనిపించుకోదు. ఈ దారిలో నష్టాలు రెండు: గడ్డి ఒకటి రెండు వారాలకోసారి మార్చాలి కాబట్టి ఖర్చు; రెండు చోట్లు కాబట్టి నేర్చుకోవడం కొంత నెమ్మది. ఏ రోజు లోపల, ఏ రోజు బయట అన్నది ఒక అంకె పెట్టుకుని తేల్చండి. ఇరవై ఫారన్‌హీట్ కంటే తక్కువైతే లోపలే, అన్నట్టు. ఎవరి బద్ధకాన్ని బట్టి వాళ్ళు నిర్ణయిస్తే మళ్ళీ ముగ్గురు గురువులే.

నా మొగ్గు మూడోదాని వైపు. మీ ఇంటి పరిస్థితి తెలిసింది మీకు.

ఏ దారైనా కొన్ని పనులు తప్పవు. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆడి అలిసిన వెంటనే తీసుకెళ్ళాలి. మధ్యలో మెలకువగా ఉంటే గంటకోసారి. రాత్రి క్రేట్ మీ మంచం పక్కనే పెట్టుకుంటే కదిలినప్పుడు తెలుస్తుంది. లేచి, లైటు వెయ్యకుండా, మాట్లాడకుండా ట్రే దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ పడుకోబెట్టడమే. క్రేట్‌ను అత్తయ్యగారు బోను అంటున్నారని రాశారు. నిలబడి ఒక చుట్టు తిరిగేంత చోటు, పైన దుప్పటి, లోపల ఏదైనా కొరుక్కునేది ఉంటే అది దానికి గూడు. కోపంతో అందులో తోస్తేనే బోను అవుతుంది.

కార్పెట్ విషయంలో మనందరం చేసే తప్పు పైపైన తుడవడం. మూత్రం కార్పెట్ కింద ఉన్న స్పాంజి పొరలోకి దిగుతుంది. మనకు వాసన పోయినా దానికి పోదు. చీకటి చేసి యూవీ టార్చి వేసి చూడండి, మీకు తెలియని మచ్చలు కూడా మెరుస్తాయి, కాస్త గుండె దిటవు చేసుకోండి. మూత్రం మరకను, వాసనను విరిచేసే ఎంజైమ్ క్లీనర్‌ను మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి దిగేలా పోసి, డబ్బా మీద రాసినంతసేపు వదిలెయ్యాలి. అమోనియా ఉన్నవి వద్దు, అది దానికి మూత్రం వాసనే. ఆవిరి మెషీను కూడా వద్దు, ఆ వేడికి వాసన కార్పెట్‌కి ఇంకా పట్టేస్తుంది. సోఫాను గోడకి ఆనించేసి ఆ సందు మూసెయ్యండి. చిన్న సలహా ఇది, కానీ డిపాజిట్ కాపాడేది ఇదే.

ఇక మనుషుల సంగతి. ఉత్తరం మధ్యలో, "పగలు అత్తయ్యగారు నాలుగైదు సార్లు తుడుస్తూనే ఉన్నారు" అని ఒక ముక్క రాశారు. మీరు వారంలో నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్తారు. మీవారు ఇంటి నుంచే పని, కానీ తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు. పాప స్కూల్లో. అంటే పగలంతా ఈ కుక్కపిల్లను పెంచుతున్నదెవరు? కుక్క కావాలని అడగని ఒకే ఒక్క మనిషి. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఆవిడ, గడప దాటలేని చలిలో, రెండో అంతస్తులో కూర్చుని, వంగి కార్పెట్ తుడుస్తున్నారు. ఆ కోపానికి ఆసనం ఒక సాకు మాత్రమే కావచ్చు.

తెనాలిలో ఆవిడ కుక్కలను ఎరగరా? ఆఖరి ముద్ద అన్నం వీధి కుక్కకి పెట్టే ఇళ్ళవి. కానీ కుక్క హద్దు వాకిలి దాకానే. మీ ఇంట్లో వాకిలే లేదు, తలుపు తీస్తే కార్పెట్. ఆవిడ లెక్కలో ఇది జంతుద్వేషం కాదు, హద్దు తప్పడం. కాబట్టి హద్దు మీరే గీసి చూపించండి. పూజ చేసుకునే మూలకు పిల్లల గేటు ఒకటి అడ్డం పెట్టండి, లడ్డు అటు వెళ్ళే ప్రసక్తే ఉండకూడదు. ఈ గేటు ఆవిడ అడిగాక పెట్టడం వేరు, అడగకముందే మీవారు స్క్రూడ్రైవర్ పట్టుకుని బిగించడం వేరు. అవును, మీవారే. వాళ్ళమ్మకి వాళ్ళబ్బాయి చెప్పాల్సిన మాటలు మీ నోట చెప్పించకుండా చూసుకోండి. "పగలు గంటకోసారి నేను లేచి చూసుకుంటా, నువ్వు తుడవొద్దమ్మా" అన్న మాట ఆయన నోటి నుంచే రావాలి. ఫోనులో అలారం పెట్టుకుంటే అయిదు నిమిషాల పని. ఏ మీటింగూ మునిగిపోదు.

ఆవిడను పూర్తిగా పక్కన పెట్టడం కూడా వద్దు. చేతిలో తడిగుడ్డ తీసేసి పెన్సిల్ ఇవ్వండి. మీ వంటింట్లో ఇండియా నుంచి తెచ్చిన తెలుగు క్యాలెండర్ ఉండే ఉంటుంది. ఇదివరకు దాని మీద పాల లెక్క రాసేవాళ్ళం కదా, అలాగే లడ్డు లెక్క: ఎన్నింటికి తింది, ఎన్నింటికి పోసింది, ఎక్కడ. మూడు రోజులు రాస్తే చాలు, ఏ వేళకి పోస్తుందో కళ్ళకు కడుతుంది. ఆవిడ దగ్గర లెక్క ఉంటే మాటకు బరువుంటుంది, "పదకొండున్నరకి పొయ్యాలి, తీసుకెళ్ళరా" అని కొడుకుని లేపే హక్కూ వస్తుంది. ఒప్పుకోరేమో. ఒప్పుకోకపోతే బలవంతం పెట్టకండి, గేటు మాత్రం ఉంచండి.

పాప సంగతి: తొమ్మిదేళ్ళ పిల్లకి పాటీ ట్రైనింగ్ బాధ్యత కాదు. సాయంత్రం ఒక పూట మీతోపాటు కిందికి వచ్చి, తిండి ముక్క పెట్టే పని ఇవ్వండి. మాట ఒకటే ఉండాలి. మీరు "గో పాటీ", ఆయన "కమాన్", పాప "సుసు" అంటున్నారట. ఒకటి ఎంచుకోండి. సుసు బాగుంది, అత్తయ్యగారి నోటికీ తిరుగుతుంది.

తిరిగి ఇచ్చెయ్యడం గురించి. అది నేరం కాదు, కానీ విసుగులో తీసుకునే నిర్ణయం కాదు. మీరు కొన్నచోట ఇచ్చిన కాగితాలు తీసి చదవండి. చాలామంది బ్రీడర్లు వెనక్కి తీసుకుంటామనే షరతు రాస్తారు, దానికి గడువు ఉండొచ్చు. కుక్కపిల్ల చిన్నదిగా ఉన్నప్పుడే కొత్త ఇంటికి త్వరగా అలవాటు పడుతుంది, కాబట్టి ఇవ్వాలనుకుంటే ఏడాదిపాటు నానబెట్టడం మేలు కాదు. ఒక పని చెయ్యండి. వెట్ పరీక్ష అయ్యాక, ఒక దారి ఎంచుకుని, నాలుగు వారాలు నలుగురూ ఒక్కలాగే చెయ్యండి. అప్పుడు క్యాలెండర్ చూడండి. మచ్చలు సగానికి తగ్గి ఉంటే దారిలో ఉన్నట్టే. ఇంత చిన్న జాతి కుక్కకి ఆరు నెలలు నిండేదాకా పూర్తి నమ్మకం పెట్టుకోలేం, కొన్నిటికి ఏడాది కూడా పడుతుంది. ఆ ఏడాది మీ ఇంట్లో ఎవరికీ ఓపిక లేదనుకుంటే మంచి ఇల్లు చూసి ఇవ్వడమే మర్యాద. పాపతో ఆ మాట ముందే, నిజం నిజంగా చెప్పండి. "లడ్డు ఊరెళ్ళింది" లాంటి కథలు మాత్రం వద్దు, తొమ్మిదేళ్ళ వాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

బూట్లు కొనాలా అన్నారు. మూడు పౌండ్ల కుక్కకి సరిపోయే సైజు దొరకడం కష్టం, దొరికినా మొదటి వారమంతా వాటిని ఊడబెరుక్కోవడంలోనే ఉంటుంది, పోసే సంగతి మర్చిపోతుంది. ఉప్పు చల్లిన దారిలో దించకుండా ఎత్తుకుని వెళ్ళి, వచ్చాక గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు ముంచి, వేళ్ళ మధ్య ఇరుక్కున్న మంచు ఉండలు కరిగేదాకా ఉంచి, తువ్వాలుతో ఒత్తండి. లేకపోతే ఆ ఉప్పంతా నాకేస్తుంది. ఆ డబ్బుతో రెండో స్వెటర్ కొనండి. ఒకటి ఎప్పుడూ తడిసే ఉంటుంది.